రెప్పపాటు ఆలస్యం

“చెవులైతే మెషీన్ పెట్టించుకుంటా. చేతులైతే డ్రమ్స్ ఇచ్చేస్తా. సాయంత్రం వ్యాన్ వస్తుంది, తమ్ముడికి చెప్పేశాను” అని, కరెంటు బిల్లు కట్టొస్తానన్నంత మామూలుగా అనేసి, బాబాయ్ ఆ దళసరి తలుపు వెనక్కి వెళ్ళిపోయాడు. రబ్బరు అంచుల తలుపు, చప్పుడు లేకుండా మూసుకుంది, వెంటనే దాని పైన ఎర్రదీపం వెలిగింది. లోపల వినికిడి పరీక్ష జరుగుతున్నది, దయచేసి మాట్లాడవద్దు, అని దీపం కింద బోర్డు. మాట్లాడే ధైర్యమే ఉంటే తను ఇక్కడిదాకా ఎందుకొస్తుంది అనుకుంది ఆమె, గోడ వారనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడుతూ. బాబాయ్ చెవుల్లో ఏ లోపమూ లేదని ఆమెకి తెలుసు. చేతుల్లోనూ లేదు. లోపం ఆయన టీవీ కింద, దుమ్ము పడకుండా పిన్ని గుడ్డ కప్పి ఉంచే ఆ ఆటపెట్టెలో ఉంది, ఆ పెట్టెలోకి తను దించిన గేమ్‌లో ఉంది. దీపం ఆరేలోపు ఈ ముక్క చెప్పడానికి మాటలు కూడదీసుకోవాలి. ఆరాక పరీక్ష చేసే అమ్మాయి నవ్వుతూ బయటికొస్తుంది, మీ చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయండీ అంటుంది, ఆ మంచి మాటతోనే ఆయన డ్రమ్స్ వ్యాన్ ఎక్కేస్తాయి.

తలుపుకి పలకంత అద్దం ఉంది. అందులోంచి బాబాయ్ వెనుకతల కనపడుతోంది, పల్చబడ్డ జుట్టు, చెవుల మీద పెద్ద హెడ్‌ఫోన్లు, చేతిలో వైరు వేలాడే మీట. శబ్దం వినపడ్డప్పుడల్లా మీట నొక్కాలి, అంతే పరీక్ష. తలుపు ఇంకా మూయకముందు, మీట చేతికివ్వగానే ఆయన వెనక్కి తిరిగి “ఇదీ నీ ఆటలాంటిదేనా తూనీగా?” అన్నాడు, పరీక్ష చేసే అమ్మాయి నవ్వింది, తనూ నవ్వింది. ఆ నవ్వు ఎందుకొచ్చిందో ఆమెకి ఇప్పటికీ అర్థం కాలేదు. ఎవరైనా కాలు తొక్కినా ముందు మనమే సారీ చెప్పేస్తామే, అలాంటి నవ్వు అది. చూస్తూండగా బాబాయ్ వీపు నిటారుగా అయింది. స్టేజి మీద పాట మొదలయ్యే ముందు అలాగే కూర్చుంటాడు. చిన్న శబ్దం కోసం కూడా ముస్తాబై కూర్చునే మనిషి, ఎవరో చెవిలో కీచుమంటే చాలు దానికి మర్యాద చేసే మనిషి, ఈయనకి నువ్వు లేటు నువ్వు లేటు అని ఎర్ర అక్షరాలతో నెలల తరబడి చెప్పించింది తను.

తూనీగ అని పేరు పెట్టింది ఆయనే. ఒకచోట నిలవని పిల్ల, మెట్లు దిగమంటే దూకే పిల్ల, నోట్లో ముద్ద నమలకుండా మింగే పిల్ల. దీని కాళ్ళ కింద ఎవరో నిప్పులు పోశారని నాన్న విసుక్కునేవాడు, నాన్న విసుక్కున్నప్పుడల్లా బాబాయ్ నవ్వేవాడు. ప్రోగ్రాం ఉన్న రోజు సాయంత్రం బయల్దేరే ముందు ఆయన భోజనాల బల్ల మీద రెండు చేతులూ పరిచి వాయించేవాడు, గ్లాసులు అదిరేవి, అమ్మ గ్లాసులు తీసేసి మరీ విని పోయేది. ఎదురుగా తనూ కూర్చుని కొట్టేది, ఎప్పుడూ ముందే కొట్టేసేది, దెబ్బ ఇంకా దారిలో ఉండగానే ఎదురెళ్ళి దాని చొక్కా పట్టుకుని లాక్కొచ్చినట్టు. ఆయన తప్పని ఒక్కనాడూ అనలేదు. లేచి వెనక్కొచ్చి, రెండు వేళ్ళు ఆమె వీపు మీద, భుజాల మధ్య పెట్టి, మెల్లగా తాటించేవాడు. ఆగు. రానీ. ఏం రావాలి బాబాయ్ అంటే, దెబ్బ, దాని దారిన అది వస్తుంది, నువ్వు ఎదురెళ్ళక్కర్లేదు, అనేవాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా ఆ వేళ్ళు ఆడేవి, రేషన్ వరసలో నిలబడ్డా ఆడేవి. అమ్మకి ఆపరేషన్ అయిన రోజున ఇలాంటి వరండాలోనే, ఇలాంటి కుర్చీల్లోనే, నాన్న అటూ ఇటూ తిరుగుతుంటే బాబాయ్ మాత్రం ఆమె వీపు మీద తాటిస్తూ కూర్చున్నాడు. ఆగు, రానీ. అమ్మ వచ్చింది కూడా, తోపుడు బండి మీద, కళ్ళు తెరిచి. ఆ రోజు నుంచీ ఆ వేళ్ళకి తెలియనిది లేదని తనకి నమ్మకం, చదువుకుని, కంప్యూటర్ల ముందు కూర్చుని, జీతం తెచ్చుకుంటున్నా కూడా ఆ నమ్మకం పోలేదు.

“వినపడటం లేదా ఆయనకి?” అని ఎవరో పక్కనుంచి గట్టిగా అడిగారు. తెల్లచీర పెద్దావిడ, చెవిలో కొత్త మెషీన్, దానికి అలవాటు పడకో ఏమో ప్రపంచమంతా చెవిటిదన్నట్టు మాట్లాడుతోంది. వేలితో బోర్డు చూపిస్తే చదివి, తలూపి, మళ్ళీ అంతే గట్టిగా “మీ నాన్నగారా?” అంది.

“బాబాయ్ అండీ.”

“వినపడదా?”

“బాగా వినపడుతుందండీ.”

“మరెందుకు తీసుకొచ్చావమ్మా?” అంది పెద్దావిడ, నిజంగానే తెలుసుకోవాలని.

ఎందుకంటే పిన్ని ఫోన్ చేసింది. ఎందుకంటే పిన్ని ఎప్పుడూ ఏడవదు, ఆ రోజు కూడా ఏడవలేదు, ఉల్లిపాయలు తరుగుతూ మాట్లాడింది, కత్తి చప్పుడు వినిపిస్తూనే ఉంది, మధ్యలో ఆ చప్పుడు ఆగిపోయింది. మీ బాబాయ్ స్టేజి మీద తాళం తప్పాడంట, పాడే అమ్మాయి వెనక్కి తిరిగి చూసిందంట, తమ్ముడు ఇంటికొచ్చి కొన్నాళ్ళు రెస్ట్ తీసుకో అన్నా అన్నాడు, ఈయన డ్రమ్స్‌కి దుప్పట్లు కప్పేశాడు, చెవులు చూపిద్దామంటే నువ్వు తీసుకెళ్తే వస్తానంటున్నాడు. తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు, కీబోర్డు వాయించే ఆయన, ఆర్కెస్ట్రాకి పెద్ద, చెడ్డవాడు కాడు, చెడ్డవాడైతే ఎంత బాగుండేది, నాలుగు తిట్టి ఊరుకునేవాళ్ళు. ఆ ఫోన్ పెట్టేయకముందే చెప్పాల్సింది. పిన్నీ, ఆయనకేం కాలేదు, ఆ ఆట తప్పు చెబుతోంది, తప్పు నాది, అని. మూడు ముక్కలు. నోటిదాకా వచ్చి, సరే పిన్నీ, నేను తీసుకెళ్తాలే, అయిపోయాయి. ఫోన్ పెట్టేశాక ఎంత తేలిగ్గా అనిపించిందో తల్చుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది. చెవులు బాగున్నాయని తేలితే ఆయన గుండె నిబ్బరం దానంతటదే తిరిగొస్తుందని, తను నోరు విప్పే అవసరమే రాదని లెక్కేసుకుంది. ఇంత చదువూ చదివి వేసిన లెక్క అది. చేతులైతే ఇచ్చేస్తా అని ఆయన వేరే లెక్క వేసుకుని కూర్చుంటాడని ఈ తలుపు ముందుకొచ్చేదాకా తట్టలేదు.

ఆ డ్రమ్స్. పెద్దదాని తోలు మీద ఆయన కాలి దెబ్బ పడేచోట అరిగి నున్నగా అయింది, దానికి పిన్ని పాత చీర ముక్క అంటించి మెత్తన చేశాడు, ఆ మెత్తని ధమ్మే కదా ఆటలో అందరికంటే పెద్ద రాక్షసుడి అడుగు చప్పుడు. ఆఫీసులో ఆ ఆట పుట్టినప్పుడు సంగీతం ఎవరు చేయాలనే మాట వస్తే ఆమె చెయ్యెత్తింది, మా బాబాయ్ ఉన్నాడు అంది, ఎత్తిన చెయ్యి దించకముందే భయపడింది. కథ చిన్నది. ఊళ్ళో శబ్దాలన్నీ దొంగలు ఎత్తుకుపోతారు, రెండు కర్రలున్న ఒక పిల్ల వాటిని తిరిగి తెస్తుంది. శత్రువు మీద దెబ్బ ఎప్పుడు పడితే అప్పుడు పడకూడదు, పాట దెబ్బ మీద పడాలి, సరిగ్గా పడితే పాటలోకి ఇంకో వాయిద్యం వచ్చి చేరుతుంది, తప్పితే ఒక్కొక్కటే రాలిపోయి చివరికి ఒంటి డ్రమ్ము మిగులుతుంది. బాబాయ్ స్టూడియోకి వచ్చాడు, గోడలకి కంబళ్ళు వేలాడే గది, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బొమ్మలు గీసే కుర్రాళ్ళు రాక్షసుణ్ణి కంప్యూటర్‌లో చూపిస్తే చాలాసేపు చూసి “ఇతని బరువెంత?” అన్నాడు. వాళ్ళు మొహామొహాలు చూసుకున్నారు. “బరువు తెలిస్తేనే కదా బాబూ కాలు ఎంత గట్టిగా వేయాలో తెలిసేది” అన్నాడు. ఆ సాయంత్రం కుర్రాళ్ళు రాక్షసుడి నడక మొత్తం మార్చి గీశారు. హెడ్‌ఫోన్లలో టక్కుటక్కుమని కొట్టే మెషీన్ పెడితే, ఇది నాకొద్దు అంటాడేమో అనుకుంది, ఆయన మాత్రం దానికి నమస్కారం పెట్టినంత పని చేశాడు. మనిషి అలిసిపోయి జారతాడు, మెషీన్ అబద్ధమాడదు, నాకూ దానికీ తేడా వస్తే తప్పు నాదే, అన్నాడు. ఎంత చక్కగా అన్నాడు, కుర్రాళ్ళంతా ఎంత మురిసిపోయారు. ఆ మాట అప్పుడే ఖండించాల్సింది అని ఇప్పుడనిపిస్తోంది. మెషీన్లు చేసేది మనుషులే బాబాయ్, అలిసిపోయినవాళ్ళే, జారేవాళ్ళే.

కంప్యూటర్‌లో ఆ ఆట బాగా ఆడింది. జనం మెచ్చుకున్నారు, డ్రమ్స్ ఎవరు కొట్టారని అడిగారు. బాబాయ్ ఇంట్లో కంప్యూటర్ లేదు, ఉన్నా ఆయనకది గిట్టదు, టీవీలో వచ్చినప్పుడు చెప్పు తూనీగా అన్నాడు. టీవీకి తగిలించే ఆటపెట్టెలోకి దించే పని ఆమెదే. కంప్యూటర్‌ది పెద్ద ఇల్లు, పెట్టెది ఒంటిగది సంసారం, ఆ గదిలో నలుగురున్నప్పుడు బానే ఉంటుంది, శత్రువులు గుంపుగా వచ్చేసరికి బొమ్మ నత్తి కొట్టేది. రంగులు తగ్గించింది, నీడలు తీసేసింది, పొగ తీసేసింది, పొగ గీసిన కుర్రాడు రెండ్రోజులు ఆమెతో మాట్లాడలేదు. అదంతా సరే, కంటికి కనపడే లోటు, ఎవరో ఒకరు తిడతారు. కనపడనిది వేరే. టీవీలు పాటని అందుకున్న వెంటనే బయటికి వదలవు, కాస్త పౌడరద్ది, బొట్టు పెట్టి మరీ పంపుతాయి, ఒక్కో టీవీది ఒక్కో ముస్తాబు. పాట మన చెవిని చేరేసరికి ఆట లోపలి గడియారం రెప్పపాటు ముందుకెళ్ళి ఉంటుంది. మనం విన్న దెబ్బకి సరిగ్గా కొట్టినా ఆట లెక్కలో అది లేటే. అందుకని ఆట మొదట్లో ఒక సర్దుబాటు తెర ఉండాలి. టక్కు టక్కుమని వినిపిస్తుంది, మీరూ దానితోపాటు నొక్కండి, మీ ఇంట్లో ఆలస్యమెంతో చూసుకుని ఆటే సర్దుకుంటుంది. కంప్యూటర్‌లో అది ఉంది. పెట్టెలో ఆ తెర ఒకోసారి బిగుసుకుపోయేది, ఎందుకో ఎంత వెతికినా దొరకలేదు, బిగుసుకుపోయే ఆటని పెట్టె కంపెనీవాళ్ళు తీసుకోరు, విడుదల తేదీ ప్రకటించేశారు.

ప్రొడ్యూసర్ గొంతు పెంచే మనిషి కాడు. అదే కష్టం. టీ కప్పు తెచ్చి బల్ల మీద పెట్టి, “ఆ తెర లేకపోతే ఆట ఆడదా అమ్మా?” అని అడిగాడు. ఆడుతుంది సార్ అంది. “మరి ఇప్పటికి తీసేసి, తర్వాత అప్‌డేట్‌లో పెడదామా?” పెడదాం సార్ అంది. తెర తీసేసి దాని బదులు ఒకే ఒక్క అంకె పెట్టింది, ఎంత ఆలస్యానికి సర్దుకోవాలో. ఆ అంకె ఎక్కడిది అంటే, మీటింగ్ గదిలోని టీవీది. తనే కొలిచింది, రాక్షసుడి ముందు నిలబడి కొట్టి చూసింది, పచ్చ మెరుపులు మెరిశాయి, సరిపోతుంది అనుకుంది. మీటింగ్ గది టీవీకి సరిపోయింది. లోకంలో అందరి ఇళ్ళలోనూ తమ మీటింగ్ గది టీవీయే ఉంటుందని ఎవరు చెప్పారు తనకి. అప్‌డేట్ రాలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ ఆపలేదు, అందరూ కొత్త ఆట పనిలో పడ్డారు, తనూ పడింది, అంతే. పాట గొప్పగా ఉంది కానీ చెయ్యీ పాటా కలవడం లేదని ఎవరో రాస్తే ఆఫీసు లిఫ్టులో చదివింది, అంతస్తు దాటిపోయినా దిగలేదు, మళ్ళీ కిందికొచ్చి దిగింది. ఆ రోజైనా అడగాల్సింది, సార్, ఆ తెర సంగతి, అని. ఆ రోజు ఎవరిదో పుట్టినరోజు, కేకు కోస్తున్నారు.

ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. లోపల బాబాయ్ బొటనవేలు కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. ఏ శబ్దానికి నొక్కుతున్నాడో ఇటు వినపడదు, వేలు మాత్రం కనపడుతోంది. మంచినీళ్ళ మెషీన్ గుడగుడమంది, పెద్దావిడ ఉలిక్కిపడి చెవి తడుముకుంది. ఆమె లేచి నీళ్ళు పట్టుకుని తాగకుండానే కూర్చుంది. తలుపు తోసుకుని లోపలికెళ్ళి చెప్పేస్తే, పరీక్ష పాడవుతుంది, అదో వంక. బయటికొచ్చాక మెట్ల మీద చెబుదాం, అదో వంక. వంకలు మాత్రం తనకి ఎప్పుడూ లేటవ్వవు.

ఆటపెట్టెని తనే మోసుకెళ్ళింది, రంగుకాగితం చుట్టి. దాంతోపాటు స్పీకరు కూడా, టీవీ కింద పొడుగ్గా పెట్టేది, వైరు లేకుండా పలికేది, బాబాయ్ డ్రమ్స్ ఆ టీవీ పీలగొంతులో వినిపించకూడదని ఏరికోరి కొన్నది. వైరు లేని స్పీకరంటే ఇంకో రెప్పపాటు. ఆ సంగతి ఆమెకి తెలియనిదేం కాదు, నలుగురికి చెప్పే పనిలో ఉంది తను, అయినా కొట్లో ఆ స్పీకరులోంచి పెద్ద డ్రమ్ము మోగుతుంటే తట్టలేదు. ప్రేమతో కొన్నప్పుడు మనిషికి బుర్ర పనిచేయదు కాబోలు. మొదటి సాయంత్రం బాబాయ్ తన డ్రమ్స్ తనే విని కళ్ళు మూసుకున్నాడు, తర్వాత ఆడాడు, తెర మీద ‘లేట్’ అని పడింది, మళ్ళీ పడింది, నవ్వాడు. “కొత్త కదా” అన్నాడు. అప్పుడు వంట పనులవుతున్నాయని, వానొచ్చేట్టుందని, ఆమె లేచి వచ్చేసింది. వారం తర్వాత ఫోన్ చేసి “తూనీగా, నీ ఆట మహా గట్టిదే. నా దరువుకి నేనే లేటంటోంది” అన్నాడు గర్వంగా, మేనల్లుడి లెక్కల పుస్తకం అర్థంకాని మామయ్యలాగా. ఆమె ఏమంది? అలవాటవుతుందిలే బాబాయ్, అంది. ఎన్నో అబద్ధాలు చెప్పి ఉంటుంది జీవితంలో, అవన్నీ ఎక్కడికక్కడ సర్దుకుపోయాయి, ఇదొక్కటీ అబద్ధం కూడా కాదు, అందుకే కాబోలు సర్దుకోలేదు. అలవాటవుతుంది అంటే ఆయన సాధన అని విన్నాడు. పిన్ని చెప్పేది, రోజూ దీపాలవేళకి స్నానం చేసి, వీపు నిటారుగా పెట్టి కూర్చుంటున్నాడే ఆ రిమోట్ పట్టుకుని, పలకరిస్తే చెయ్యెత్తి ఆపుతాడు, వాడెవడో రాక్షసుడంట, వాణ్ణి కొట్టేదాకా నాకు కాఫీ ఇచ్చే దిక్కు లేదు, అని. పిన్ని వేళాకోళానికి తనూ నవ్వింది. మొన్న వేసవిలో, గెలిచాడే, వాణ్ణి కొట్టేశాడే, ఇంటిల్లిపాదికీ స్వీట్లు, ఇంటిల్లిపాదీ అంటే నేనూ ఆయనే, అని ఫోన్ చేస్తే, ఆమె నిజంగా సంతోషించింది. గండం గడిచింది అనుకుంది. తను బాగుచేయకుండా వదిలేసిన పాడుబడ్డ వంతెన మీంచి కూడా ఆయన క్షేమంగా దాటేశాడనుకుంది. ఎలా దాటాడో అడగలేదు. అడగాలని తోచనే లేదు.

దీపం ఆరింది.

రబ్బరు తలుపు తెరుచుకుని పరీక్ష చేసే అమ్మాయి నవ్వుతూనే వచ్చింది, చేతిలో గీతల కాగితం. “సార్‌వి చాలా బాగున్నాయండి. ఈ వయసులో ఇంత బాగా వినే వాళ్ళని నేను చూడలేదు. చిన్న చిన్న శబ్దాలు కూడా వదల్లేదు” అంది. వెనకాల బాబాయ్ చొక్కా సర్దుకుంటూ వచ్చాడు, ఆ అమ్మాయికి రెండు చేతులూ జోడించాడు, అవే చేతుల్ని దించుతూ ఒకసారి తిప్పి చూసుకున్నాడు. “అయితే చేతులే అన్నమాట” అన్నాడు. ఆ గొంతులో బాధ కూడా లేదు, కూడిక తేలినవాడి గొంతు. “పోన్లే తూనీగా, తేలిపోయింది. వ్యాను ఐదింటికి. వెళ్దామా?”

“కూర్చో బాబాయ్” అంది ఆమె.

కూర్చున్నాడు. పెద్దావిడ కాస్త జరిగి చోటిచ్చి, వినకుండా ఉండే ఉద్దేశం తనకి లేదన్నట్టు ఇటే తిరిగింది. ఎర్రదీపం లేదు, మాట్లాడొచ్చు. ఆమె మీటింగ్ గది టీవీతో మొదలుపెట్టింది, మధ్యలోకెళ్ళి సర్దుబాటు తెర చెప్పింది, వెనక్కొచ్చి స్పీకరు చెప్పింది, అంతా కలగాపులగమైంది, ఆఖరికి “నువ్వు లేటు కాదు బాబాయ్, ఒక్కరోజు కూడా కాదు. ఆట తప్పు చెప్పింది. తప్పని నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను” అనేసింది. ఆయన కోపం తెచ్చుకుంటాడని చూసింది. కనీసం నొచ్చుకుంటాడని చూసింది. ఆయన పనిమంతుడు, పనిమంతుడు అడగాల్సిందే అడిగాడు.

“ఎంత?”

“ఏంటి?”

“ఎంత ఆలస్యం? కొట్టి చూపించు.”

ఆమె ఎడమచేత్తో కుర్చీ చెయ్యి మీద తట్టింది, అది ఆట లోపలి దెబ్బ, కుడిచేత్తో మళ్ళీ తట్టింది, అది మీ ఇంట్లో స్పీకరులో వచ్చేది. రెంటి మధ్యా రెప్పపాటు. బాబాయ్ తలొంచి విన్నాడు. “మళ్ళీ” అన్నాడు. మళ్ళీ కొట్టింది. ఆయన ముఖం విచ్చుకుంది, ఎన్నాళ్ళకో. “ఇంతే? ఇంత తేడాతో ఎవడైనా నా పక్కన వాయిస్తే స్టేజి దింపేసేవాణ్ణి” అని పెద్దగా నవ్వాడు, పెద్దావిడ కూడా నవ్వింది. ఆ నవ్వు ఎంత బాగుందంటే, ఆమె గుండెలోంచి ఏదో బరువు జారిపోతోందనిపించింది, అయిపోయింది, చెప్పేశాను, ఇంతేనా, ఇంత చిన్నదానికా ఇన్నాళ్ళు, అని.

నవ్వు మధ్యలో ఆగిపోయింది. బాబాయ్ ఆమె చేతులకేసి చూస్తున్నాడు, ముందు పడ్డ ఎడమచేతికేసి. “తమ్ముడు అన్నది ఇదే” అన్నాడు నెమ్మదిగా.

“ఏమన్నాడు?”

“నేను లేటు అనలేదమ్మా వాడు. ముందు పడుతోంది అన్నా, ప్రతి దెబ్బా ముందే పడుతోంది, పాడే పిల్లకి ఊపిరి తీసుకునే వ్యవధి లేదు, అన్నాడు. నాకర్థం కాలేదు. లేటని ఇంట్లో, ముందని స్టేజి మీద. ఏ చెవి నమ్మాలి. అందుకే చూపించుకుంటానన్నాను.” తన వేళ్ళు చూసుకుని, “రాక్షసుణ్ణి ఎలా కొట్టాననుకున్నావు? వినపడక ముందే కొట్టడం నేర్చుకున్నా. కష్టపడ్డానే బాబూ. నాలుగు నెలలు పట్టింది” అన్నాడు. ఫిర్యాదులా అనలేదు, ఎక్కడో ఇంకా కాస్త గొప్పగానే అన్నాడు, ఆ గొప్పే ఆమెని కోసేసింది.

పాడుబడ్డ వంతెన ఆయన ఎలా దాటాడో ఇప్పుడు తెలిసింది. పెట్టెలో తను సరిచేయని రెప్పపాటుని ఆయన తన చేతుల్లో సరిచేసుకున్నాడు. నలభై ఏళ్ళుగా వాయించిన చేతులు, ఎదురెళ్ళక్కర్లేదని తనకి నేర్పిన చేతులు, తను పంపిన మెషీన్ మాట నమ్మి, ప్రతి సాయంత్రం స్నానం చేసి కూర్చుని, ఎదురెళ్ళడం నేర్చుకున్నాయి. ఆటకైతే ఇప్పుడు కూడా అప్‌డేట్ పంపించొచ్చు. ఈ పూటే ప్రొడ్యూసర్ ముందు నిలబడి, తెర పెట్టందే కుర్చీలోంచి లేవనని కూర్చోవచ్చు, కూర్చుంటుంది కూడా. ఈ చేతులకి ఏం పంపిస్తుంది.

“వ్యాను రావొద్దని చెప్పనా బాబాయ్?”

“ఇప్పుడే చెప్పకు.” ఆయన అరచేతులు రెండూ మోకాళ్ళ మీద పరిచాడు, భోజనాల బల్ల మీద పరిచినట్టే. “ముందు కొట్టు, చూద్దాం.”

ఆమె కుర్చీ చెయ్యి మీద కొట్టడం మొదలుపెట్టింది, నిదానంగా, సమానంగా. ఆయన వేళ్ళు మోకాలి మీద పడ్డాయి. ముందు. ఒక వెంట్రుకంత కాదు, సరిగ్గా ఆమె కొట్టి చూపించినంత ముందు. ఆయనకీ వినపడింది, ఆ చెవులు బ్రహ్మాండమైనవని కాగితం కూడా ఇచ్చారు కదా. పళ్ళు బిగించి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ముందే. పెద్దావిడ తన చెవిలోది సరిగ్గా పెట్టుకుని, కాసేపు విని, తలొంచుకుంది.

ఆమె లేచి ఆయన కుర్చీ వెనక్కి వెళ్ళింది. చొక్కా మీదుగా, భుజాల మధ్య, రెండు వేళ్ళు ఆనించింది. వీపు సన్నబడింది, ఎముకలు తగులుతున్నాయి, ఎప్పుడు ఇంత సన్నబడ్డాడో తను చూడనేలేదు. మెల్లగా తాటించింది. ఆయన చెయ్యి లేచింది.

“ఆగు బాబాయ్” అంది. “రానీ.”

చెయ్యి గాలిలో ఆగింది, ఆగలేక పడింది. ముందే పడింది. ఆమె మళ్ళీ మొదటినుంచి తాటించింది.